నందిగామలో నాన్న కార్లు

మొన్న మా అమ్మాయి కాలేజీకి తయారవుతూ గోళ్ళరంగు తుడుచుకుంటుంటే, ఆ రిమూవరు వాసన హాల్లోంచి వంటింట్లోకొచ్చి నన్ను ఉన్నచోటే నిలబెట్టేసింది. ఘాటుగా, కాస్త తియ్యగా, ముక్కు లోపల చల్లగా తగిలే ఆ వాసన జగ్గయ్యపేటలో మా ఇంటిని ఒకప్పుడు ఎంత అతలాకుతలం చేసిందో దానికేం తెలుసు!

ఆ ఇంట్లో ఏ కాలం వాసన ఆ కాలానికుండేది. సంక్రాంతి వెళ్ళి ఎండలు ముదిరేసరికి కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలికి ఊళ్ళోకొచ్చి అందరినీ దగ్గించేది. సున్నపురాయి లారీలు లేపిన తెల్లదుమ్ము మీద తొలకరి చినుకులు పడితే, మేం పిల్లలం తొక్కుడుబిళ్ళ గీతలు చెరిగిపోతున్నాయని ఏడుస్తూనే ఆ వాసన గుండెల నిండా పీల్చుకునేవాళ్ళం. ఉగాదికి అమ్మ బొబ్బట్లు కాలుస్తుంటే పెనం మీద నెయ్యి చిటపటలాడే వాసన వీధి మలుపు దాకా ఎదురొచ్చేది. వీటన్నిటి మధ్యా మా ఇంటికి సొంతమైన వాసన ఒకటుండేది, అది నాన్న చొక్కాది. నాన్నది పురుగుమందుల కొట్టు. ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అమ్మ లోపల్నించి "స్నానం చేసొచ్చి పిల్లని ముట్టుకోండి" అని కేకేసేది.

అలాంటి ముక్కున్న అమ్మకి ఒక ఆదివారం సాయంత్రం నాన్న చొక్కా వాసన మారిందని, మందు కంపు బదులు ఈ రిమూవరు ఘాటు వస్తోందని తెలిసిపోయింది.

నాన్న కొంతకాలంగా ఆదివారాలు కొట్టు మూసి నందిగామ వెళ్తున్నారు. డీలర్ల మీటింగని చెప్పేవారు. అమ్మ ఆ చొక్కా తీసుకుని వెలుగులోకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. చేతి అంచు దగ్గర గింజంత ఎర్రమరక. కుంకుమ కాదు, తాంబూలం కాదు, ఉతికినా పోలేదు. తర్వాత ఆయన చేతిసంచీ దులుపుతుంటే అడుగున వార్తాపత్రిక ముక్కలో చుట్టిన గోళ్ళరంగు సీసా దొరికింది. సగం వాడేసిన ఎర్రరంగు. మా ఇంట్లో గోళ్ళరంగు వేసుకునేవాళ్ళెవరూ లేరు. అమ్మ దాన్ని ఎక్కడున్నది అక్కడే పెట్టేసింది. నేను చూశానని గమనించి, "ఏం లేదులే, పోయి ఆడుకో" అంది.

అమ్మ నిలదీసే మనిషి కాదు. పక్కనించి అడిగేది.

"మీటింగులో భోజనాలేం పెట్టారండీ?" అనేది వడ్డిస్తూ.

"పులిహోర," అనేవారు నాన్న తలెత్తకుండా. మరో రెండ్రోజులాగి అదే ప్రశ్న ఇంకోలా అడిగితే "ఉప్మా" అయ్యేది. నాన్నకి అబద్ధమాడ్డం రాదు, ఆడినది గుర్తుపెట్టుకోవడం అసలే రాదు. కొట్లో రైతులతో ఎకసెక్కాలాడి, ఇంట్లో రేడియోతో పాటు తనూ మాట్లాడి, నిద్రలో కూడా ఏదో గొణిగే మనిషి, నందిగామ మాటెత్తితే మాత్రం పొదుపైపోయేవారు. అమ్మ వడ్డించడం ఆపి ఒక్క క్షణం ఆయన నడినెత్తి వైపు చూసేది.

శ్రావణమాసంలో ఒక ఆదివారం నాన్న వెళ్ళాక, అమ్మ వాకిలి తాళం వేసి నా చెయ్యి పట్టుకుని బస్టాండుకి నడిచింది. ఎక్కడికని అడగాలంటే భయమేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చిల్లకల్లు దాటాక రెండు పక్కలా కనిపించే పత్తిచేలని చూస్తున్నట్టే ఉంది గానీ చూడ్డం లేదు. నందిగామలో దిగి నేరుగా ఒక పురుగుమందుల కొట్టుకెళ్ళి, మావారొచ్చిన డీలర్ల మీటింగెక్కడండీ అని అడిగింది.

ఆ కొట్టాయన నవ్వాడు. "ఆదివారం మీటింగేంటమ్మా? మీరు జగ్గయ్యపేట నించి వచ్చారా? మీవారు టీచరమ్మ ఇంట్లో ఉంటారుగా. కోర్టు వెనక సందులో, నీలం గేటు."

ఊరందరికీ తెలిసిన సంగతిలా చెప్పాడు. అమ్మ నన్ను లాక్కుంటూ కోర్టు వైపు నడిచింది.

నీలం గేటు తీసే ఉంది. వసారాలో ఒక ముసలావిడ వెల్లుల్లి ఒలుస్తోంది. మమ్మల్ని చూసి "సునందా, ఎవరో వచ్చారే" అని లోపలికి కేకేసింది. లోపల్నించి వచ్చినావిడ వయసు అమ్మ అంతే ఉంటుంది. జడ పైకి చుట్టి ముడేసుకుంది. చేతివేళ్ళ నిండా ఎర్రరంగు. అమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది.

"పేట నించా? మీవారు చెప్తూ ఉంటారు మీ గురించి. లోపలికి రండి. కాకపోతే తలుపు మెల్లిగా వెయ్యండి, తడారలేదు, దుమ్ము పడుద్ది," అందావిడ.

వెనక వరండాలో చాపమీద కూర్చున్న నాన్న మమ్మల్ని చూడలేదు. ఒక కన్ను మూసుకుని, పట్టకారుతో పట్టుకున్న అగ్గిపుల్ల తలకాయంత అద్దాన్ని ఒక చిన్న కారుకి అతికిస్తున్నారు. ఆయన చుట్టూ పాత చీర పరిచి దానిమీద కార్లు. అరచెయ్యి కంటే కాస్త పొడుగు, నేలబారుగా, ముక్కు ముందుకి సాచి పరిగెత్తబోతున్నట్టుండే పందెం కార్లు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు మీద నల్లచారలవి. తలుపు తీస్తే లోపల సీట్లు, సీట్లకి రిబ్బను ముక్కతో కుట్టిన బెల్టులు, ఇంజను మీద దారప్పోగుల్లాంటి తీగలు. అసలు కారుని ఎవరో ఒక్క మంత్రం వేసి కుదించేసినట్టున్నాయి.

నాన్న తలెత్తారు. పట్టకారు జారి అద్దం ఎక్కడో పడింది. "నువ్వా!" అన్నారు.

సునంద టీచర్ స్కూల్లో డ్రాయింగ్ చెప్తుంది. ఓడల్లో పనిచేసే ఆవిడ అన్నయ్య సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఈ బొమ్మకార్ల విడిభాగాల పెట్టెలు తెచ్చి పడేసి వెళ్తాడట. రంగు పల్చగా, చారలు పడకుండా కొట్టడానికి చిన్న పిచికారీ పంపు కావాలని టీచరు ఒకసారి పేటలో మా కొట్టుకొచ్చిందట. మొక్కలకి మందు కొట్టే పంపుతో కారుకి రంగెలా వేస్తారో చూద్దామని నాన్న ఒక్కసారి వెళ్ళారు. అంతే, అక్కడే ఉండిపోయారు. గోళ్ళరంగు వెనకలైట్లకి, రిమూవరు చేతులకంటిన రంగు తుడుచుకోడానికి. ఇదంతా టీచరే చెప్పింది, ఏ తడబాటూ లేకుండా, మాకు కాఫీ ఇస్తూ. నాన్న నేలమీద అద్దం వెతుకుతూనే ఉన్నారు.

అమ్మ కాఫీ తాగింది. "ఇందులో మీరు చేసిందేది?" అని నాన్ననడిగింది. ఆయన ఎర్రకారు చూపించారు. దాన్ని అరచేతిలో పెట్టుకుని, బియ్యంలో రాళ్ళేరేటప్పుడు చూసేంత శ్రద్ధగా చూసి, కింద పెట్టేసింది.

ఇంటికొచ్చాక అడిగింది. "ఎందుకు దాచారు?"

"నవ్వుతావని."

"తప్పుపని దాచారంటే అర్థముంది. తప్పు కానిది దాచడమేంటండీ?"

నాకైతే అమ్మ అనుమానం ఆ రోజుతో తీరుతుందనిపించింది. తీరలేదు, ఇంకా లోతుకి దిగింది. "ఆదివారాలు వెళ్ళండి, నేనొద్దనను, పిల్లని తీసుకెళ్ళండి," అంది. అలా నేను కాపలాగా నందిగామ వెళ్ళడం మొదలుపెట్టా.

కాపలా మాట మొదటి వారమే మర్చిపోయా. చట్రంలోంచి భాగాలు నెయిల్ కట్టరుతో తుంచడం, అతుకు కనపడకుండా తడి ఉప్పుకాగితంతో రుద్దడం, పొర మీద పొర రంగేసి ఆరేదాకా ఊపిరి కూడా అటు తగలకుండా కూర్చోవడం నేర్చుకున్నా. నీళ్ళ గిన్నెలో నానేసిన అంకెల బొమ్మలు కాగితం వదిలి చేపపిల్లల్లా జారేవి. వాటిని తలుపుల మీదకి ఎక్కించే పని నాది. ముసలావిడ మధ్యమధ్యలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చి "ముందు చెయ్యి కడుక్కో" అనేది.

సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ నాకు జడ విప్పి నూనె రాస్తూ మొదలుపెట్టేది.

"ఏం మాట్లాడుకున్నారే?"

"ఏం మాట్లాడుకోలా."

"పొద్దుట్నించీనా? ఏదో ఒకటి అనుకునుంటారుగా."

"టేపు ఇవ్వండి టీచరుగారూ అన్నారు నాన్న."

నూనె రాసే చెయ్యి ఆగిపోయేది. నేను చెప్పింది నిజమే. వాళ్ళిద్దరూ చెరో అంచున కూర్చుని, ఒకరికేం కావాలో ఇంకొకరు చూడకుండానే అందిస్తూ, గంటల తరబడి నోరు విప్పేవారు కాదు. మా నాన్న అలా ఉండగలరని చెప్తే పేటలో ఎవరూ నమ్మరు. కబుర్లు చెప్పుకున్నారంటే అమ్మ ఓర్చుకునేదేమో. ఆ మౌనాన్ని ఏమనుకోవాలో, ఎవరితో చెప్పుకోవాలో ఆవిడకి తెలీలేదు.

నేను హైస్కూల్లో ఉండగా టీచరు అన్నయ్య ఓడ పని మానేసి విశాఖపట్నంలో స్థిరపడి, తల్లినీ చెల్లెల్నీ తీసుకెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆవిడ మా ఇంటికొచ్చింది. చెప్పుల పెట్టెలో దూది పరిచి తెచ్చిన ఎర్రకారుని నాన్నకి కాకుండా అమ్మ చేతికిచ్చింది. "ఇది మీ ఇంట్లో ఉండాల్సిందండీ," అంది. అమ్మ భోజనం పెట్టింది, బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చింది, గేటు దాకా వెళ్ళి సాగనంపింది. వచ్చి నాన్న మొహం వైపు చాలాసేపు చూసింది. ఆయన రేడియో పెట్టి, తనూ మాట్లాడ్డం మొదలుపెట్టారు. మళ్ళీ ఎప్పుడూ కారు చెయ్యలేదు.

నాన్న పోయి కొన్నేళ్ళయింది. కొట్టు స్థలంలో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుంది. కళ్ళాల్లో ప్లాట్లేశారు, మిరపఘాటుకి దగ్గే వీధి లేదు, వాన గీతలు చెరిపేస్తే ఏడ్చే పిల్లలూ లేరు. పోయిన నెల అమ్మని విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, నందిగామ దగ్గర "ఊళ్ళోకి పోనీ ఒకసారి" అంది. కోర్టు వెనక సందులో నీలం గేటు ఇల్లు లేదు, దాని చోట మూడంతస్తుల మేడ ఉంది. అమ్మ కారు అద్దం దించి చూస్తూ కూర్చుంది.

ఇన్నేళ్ళూ అడగనిది అడిగేశా. "అప్పుడు నాన్నని నమ్మావా అమ్మా?"

"తప్పేం లేదని ఆ రోజే తెలుసు నాకు," అంది. ఆ మేడ వైపే చూస్తూ, "ఒక్క ఆదివారమన్నా, నువ్వూ రావే అంటాడేమోనని చూశా," అంది.

అద్దం పైకెత్తుకుంది. "పోనీ. డాక్టరు వెళ్ళిపోతాడు."