తలుపులో పట్టని పెట్టె

కరోనా వచ్చిన మరుసటి వేసవిలో, దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో మా పనివాళ్ల క్యాంపు ఖాళీ చేయమన్నారు. వడ్రంగి షెడ్డులో మిగిలిన మా నలుగురినీ అబుదాబి దగ్గరి మఫ్రఖ్‌కు పంపుతున్నారు. షెడ్డు వెనక మేం అన్నం పెట్టి సాకిన రెండు కుక్కల గతేమిటో ఎవరికీ పట్టలేదు. ఒకటి పసుపు రంగు తల్లి. రెండోది దాని కూతురు. ఫోర్క్‌లిఫ్ట్ కింద పడి దానికి ముందుకాలు పోయింది.

"బస్సు వచ్చేలోపు కుత్తాలు కనపడొద్దు. ఖలాస్," అన్నాడు ముదీర్, మా మేనేజర్.

ఆ కాలికి వైద్యం చేసిన పశువుల ఆస్పత్రిలో నెల్లూరు అక్క ఒకామె పనిచేసేది. క్యాంపు మూతపడుతుందని వినగానే ఆమె టీకాల కాగితాలన్నీ సిద్ధం చేసి పెట్టింది. ఆమెకు తెలిసిన విదేశీ పైలట్ ఒకాయన, ఉద్యోగం పోయి తన చిన్న విమానంలో స్వదేశానికి వెళ్లిపోతున్నాడు. దిక్కులేని కుక్కలను డబ్బు తీసుకోకుండా చేరవేయడం ఆయనకు అలవాటు. అక్కడ ఒక కుటుంబం రెండింటినీ పెంచుకుంటామంది.

"పెట్టెలు మాత్రం నువ్వే చెయ్యాలన్నా. విమానం తలుపు కొలతలు పంపిస్తా," అంది అక్క.

రెండు రోజులు కూర్చుని చేశాను. దారిలో ఊడకూడదని చివర్లో బయటివైపు అడ్డపట్టీలు కొట్టాను. ఆ తర్వాత మళ్లీ కొలవలేదు.

అక్క, నేను పికప్‌లో కొండలు దాటి ఫుజైరా విమానాశ్రయం చేరేసరికి పొద్దున పది దాటింది. పదకొండింటిలోపు ఎగరకపోతే దారిలోని దేశాల అనుమతి పోతుందట. పైలట్, నేను మొదటి పెట్టె ఎత్తాం. తలుపు దగ్గర ఇరుక్కుంది. అడ్డం తిప్పాం, ఏటవాలుగా తోశాం. లోపలికి పోలేదు. పట్టీలు పీకేశాను. అయినా రెండు వేళ్ల మందం ఎక్కువే ఉంది; మొదటి కొలతలోనే తప్పాను. పికప్‌లో కుక్కలు నాలుకలు వేలాడేసి రొప్పుతున్నాయి.

"విప్పి లోపలికి తీస్కపోయి, ఆడనే బిగిస్త," అన్నాను.

అక్క ఇంగ్లీషులో చెప్పింది. ఆయన గడియారం చూసి ఒక వేలు చూపించాడు. ఒక పెట్టెకే టైముంది.

"రెండిట్నీ ఒక్కదాంట్ల పెడితే కాదా అక్కా?"

అక్క అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఊపిరాడక చస్తాయంటన్నాడన్నా," అని, అక్క నావైపు తిరిగింది. "దేన్ని పంపిద్దాం?"

నన్నెందుకు అడిగిందని అప్పుడు కోపం వచ్చింది. కానీ అడగడానికి ఇంకెవరున్నారు? మూడు కాళ్లది బయట బతకదు. "బిడ్డను," అన్నాను.

విమానంలో పడుకునే మేకులు కొట్టాను. చెమట కళ్లల్లో పడి, సుత్తి వేలిమీద పడి, ఏం చేస్తున్నానో కూడా తెలియలేదు. కూతుర్ని ఎక్కించి దిగేసరికి తల్లి అక్క చేతిలోంచి తాడు లాక్కుని రెక్క కిందికి వచ్చేసింది. తనూ ఎక్కాలనుకుంది. గట్టిగా పట్టుకున్నాను. తలుపు మూశారు. విమానం కదిలి దూరమైనా అది అటే లాగుతూ ఉంది.

దాన్ని అక్క తమ ఆస్పత్రి బోనులో ఉంచింది. నేను రెండో రోజే మఫ్రఖ్ వెళ్లిపోయాను. వెళ్లి చూసొస్తానని సెలవు అడిగితే కుక్క కోసమా అని నవ్వారు. అది తిండి ముట్టడం లేదని అక్క వీడియో కాల్ చేసింది.

"నీ గొంతు వింటే తింటాదేమో. పిలువన్నా."

"తినవే తల్లీ, జెరంత తిను," అన్నాను. చెవులు నిక్కబొడుచుకుని లేచింది. నా కోసం ఫోన్ వెనక తొంగిచూసింది. తర్వాత బోను తలుపు దగ్గరికి పోయి కూర్చుంది. గిన్నె మాత్రం ముట్టలేదు. ఇంక దానికి నా గొంతు వినిపించొద్దని అక్కను బతిమాలాను.

ఇంకో పైలట్ కోసం అక్క అడగని వాళ్లు లేరు. ఎవరూ దొరకలేదు. పన్నెండో రోజు తల్లి పోయింది. ఆ కబురు చెప్పడానికి ఫోన్ చేసిన అక్క, కూతురు క్షేమంగా చేరిందనీ, గడ్డిలో పడుకున్న ఫోటో వచ్చిందనీ కూడా చెప్పింది. సంతోషపడాల్సిన మాటే. నేను మాత్రం కొలతల సంగతే ఎత్తాను.

"నీ తప్పేం లేదన్నా," అంది.

"ఉందక్కా," అన్నాను.

 ఆస్పత్రి వెనక నీడపట్టున తల్లిని తనే పూడ్చిపెట్టానని చెప్పింది.