అట్టల కింద గోంగూర

మా చిన్నప్పుడు... రియాద్‌లో చలి మొదలవగానే అమ్మ పెరట్లో మడి ఖాళీ చేసేది. మలాజ్ అనే పేటలో పాత ఇల్లు, కింది వాటా మాది. పెరడంటే పెద్దదేం కాదు, రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది.

ఎండిన బెండ మొక్కలు పీకేసి, మన్ను తిరగేసి, మడి నిండా నీళ్ళు పట్టేది. అక్కడి మట్టి మీద ఉప్పు తెల్లగా పేరుతుంది... అది కిందికి దిగిపోయేదాకా పడుతూనే ఉండాలి. ఆ తర్వాత మేకల ఎరువు కలిపి, పైన అట్టపెట్టెలు విప్పి పరిచేది. మార్చి ఎండలొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అప్పుడు గోంగూర గింజలు వేసేది.

నాకు పదేళ్ళప్పుడు, అక్కడుండే పరాయి దేశాల కుటుంబాల మీద తలకింతని లెవీ వచ్చింది. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కావాలంటే కట్టాల్సిందే, నాన్న వల్ల కాలేదు. అమ్మకీ నాకూ ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోవడం, ఖాయమైంది. అప్పటికే మా క్లాసులో చాలా బెంచీలు ఖాళీ.

అయినా అమ్మ మడికి నీళ్ళు పడుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళిపోయేవాళ్ళకి ఇదంతా ఎందుకని అడిగాను.

"ఉత్తగ ఇడిస్తె మల్ల ఉప్పెక్కుతది బిడ్డా... ఎవలేసుకున్నా మొలవాలె గద" అంది, తల ఎత్తకుండానే.

నా పదేళ్ళ బుర్రకి ఒకటే తోచింది. మొలిచిన మొక్కల్ని అమ్మ వదిలిపెట్టి రాదు, అవి మొలిస్తే ప్రయాణం ఆగిపోతుంది. అమ్మ అట్టలు పరిచేశాక, తను దాచిన గింజలు గుప్పెడు తీసి, ఆ అట్టలెత్తి, వంకర టింకరగా వేసేశాను. రోజూ బడి నుంచి రాగానే ఎత్తి చూసేదాన్ని... ఒక్కటీ రాలేదు. చలికి గోంగూర మొలవదని నాకేం తెలుసు? జనవరిలో నాన్నని అక్కడే వదిలి అమ్మా నేనూ ఇండియా వచ్చేశాం. విమానంలో ఆ గింజల మీద కోపంతోనే ఏడ్చాను.

మార్చిలో నాన్న ఫోటో పంపాడు. ఇల్లు ఖాళీ చేసి బ్యాచిలర్ రూముకి మారబోతూ అట్టలు తీశాడట. కింద పాలిపోయిన మొలకలు, వంకర వరసల్లో. అమ్మే వేసి వెళ్ళిందనుకుని నీళ్ళు పట్టానన్నాడు. అమ్మ ఫోటో చూసి నా వైపు చూసింది. ఒప్పేసుకున్నాను. అమ్మ ఆ ఫోన్ చాలాసేపు కింద పెట్టలేదు.

తర్వాత సౌదీవాళ్ళకే ఉద్యోగాలివ్వాలన్న నితాఖత్ రూల్లో నాన్న ఉద్యోగమూ పోయింది, ఆయనా వచ్చేశాడు. ఇప్పుడు కరీంనగర్‌లో డాబా మీద కుండీల్లో గోంగూర వేస్తున్నాం, ఉప్పు బాధ లేదు. ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో తెలియదు.

పాపం, గింజల తప్పేం లేదు... అవి మొలిచాయి. అప్పటికి మేమే లేం.

మీరూ మొలక చూడకుండానే వదిలి వచ్చిన మడి ఏదైనా ఉంటే... చెప్పండి, వింటాను.