అత్త బతికుండగా వెలిగించిన దీపం

మా దిక్కు ఫ్లెక్సీ చదవడానికి అక్షరాలు రానక్కర్లేదు. దండలు, చేతులు జోడించిన మొహాలు వరసగా ఉంటే లీడరు పుట్టినరోజు. పసుపుపచ్చ రంగు, పూల తోరణం ఉంటే ఎవరింట్లోనో పెళ్ళి. గుండ్రటి చట్రంలో ఒకే ఒక్క మొహం, అది కూడా నలుపు తెలుపులో, కింద వెలుగుతున్న దీపం ఉంటే ఆ మనిషి పోయినట్టు. గద్వాల బస్టాండు ముందు వేరుశనక్కాయలు అమ్మే ముసలమ్మను అడిగినా ఈ సంగతి చెప్తుంది. హైదరాబాదులో కూర్చుని మా కోసం పోస్టర్లు తయారుచేసే వాళ్ళకు మాత్రం తెలియదు. తెలియకపోతే పోనీ అనుకోవచ్చు. చెప్పినా విననందుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో నేను ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో జనానికి ఆరోగ్యం గురించి చెప్పే పోస్టర్లు, గోడ బొమ్మలు, ఫోన్లలో తిరిగే చిన్న వీడియోలు చేయించే సంస్థ అది. ఊళ్ళు తిరిగి ఫొటోలు తీసి పంపడం నా పని. డిజైనంతా హైదరాబాదులోనే. నేనూ బొమ్మలు గీయడం చదువుకున్నదాన్నే, కానీ వాళ్ళ లెక్కలో నేను ఫీల్డు మనిషిని. ఫీల్డు మనిషి మైకు సర్దాలి, మీటింగుకు భోజనాలు చెప్పాలి, పెద్ద సార్లు వస్తే కారుకు ఎదురెళ్ళాలి. అభిప్రాయాలు మాత్రం చెప్పకూడదు.

ఆ ఏడు క్షయ మీద ప్రచారం పెట్టారు. మందులు పూర్తిగా వాడితే జబ్బు నయమవుతుందని చెప్పాలి. అందుకు నయమైన మనిషి ఫొటో ఒకటి కావాలన్నారు. నాకు వెంటనే మా అత్త గుర్తొచ్చింది. అత్త అంటే మా నాయన చెల్లెలు. మొగుడు పోయాక గద్వాలలోనే చీరలు నేసుకుంటూ ఒక్కతే ఉంటుంది. ఆమెకు క్షయ వచ్చింది, గోళీలన్నీ విడవకుండా మింగింది, నయమైంది. మళ్ళీ మగ్గం ఎక్కి ఎప్పటిలాగే నేయడం మొదలుపెట్టింది.

గద్వాల చీర ఒంటిచేత్తో అయ్యే పని కాదు. ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట పోగుకు పోగు అందించుకోవాలి, అందుకని ఒకే మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. మా అత్త పక్కన కూర్చునేది పక్కింటి కోడలు. చిన్న వయసు, వాగుడుకాయ. అత్తను అక్కా అక్కా అని పిలుస్తూ, పొద్దంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. ఆమె నోరు మూసుకున్న రోజు చీర సరిగ్గా రాదని అత్త వేళాకోళం చేసేది.

ఆ పిల్లకూ దగ్గు పట్టుకుంది. పరీక్ష చేస్తే అదే జబ్బు. దవాఖానలో మందులు ఇచ్చారు, కానీ ఆ పిల్ల అత్తగారు ఊరుకోలేదు. దగ్గు తగ్గినాక రమ్మని గోపాల్‌పేట దగ్గరున్న తల్లిగారింటికి పంపేసింది. మొగుడు నోరెత్తలేదు. పంపించిన రోజే రెండు కుటుంబాలకూ మాటలు బందయ్యాయి. ఇక ఆ పిల్లతో మాట్లాడేది మా అత్త ఒక్కతే, అదీ ఫోన్లో. గోళీలు మింగితే కడుపులో తిప్పుతోందనీ, మూత్రం ఎర్రగా వస్తోందనీ, ఇవి చంపే గోళీలేనని అమ్మ అంటోందనీ ఆ పిల్ల ఏడ్చేది. నాకూ అట్లాగే అయింది, ఇప్పుడు చూడు ఎట్లా ఉన్నానో అని అత్త ధైర్యం చెప్పేది. ఆ పిల్ల గోళీలు మానకుండా ఉందంటే ఆ మాట మీద నమ్మకంతోనే. దవాఖాన వాళ్ళ మాటనూ, మా పోస్టర్లనూ ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అత్త బతికి ఉండటమే వాళ్ళకు సాక్ష్యం.

ఫొటో సంగతి చెప్పగానే అత్త ఒప్పుకుంది. జబ్బు పేరు బయటపెట్టుకోవడానికి మామూలుగా ఎవరూ ఒప్పుకోరు. ఈమె మాత్రం, గోపాల్‌పేట దవాఖానకు కూడా పెడతారా అని అడిగింది. పెడతారని చెప్తే లోపలికెళ్ళి మామిడిపండు రంగు చీర కట్టుకొచ్చింది. ఎర్ర అంచున్న ఆ చీర వాళ్ళిద్దరూ కలిసి నేసినదే. మగ్గం గుంటలో తన వైపు కూర్చుని కెమెరా వంక చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నేను దగ్గరకు జరగబోతుంటే ఆపింది.

"నన్నొక్కదాన్నే తియ్యకు బిడ్డా. పక్కన దాని జాగ గూడ రావాలె. జూస్తే దానికి తెల్వాలె, ఇంకెవ్వర్ని కూసోవెట్టలేదని."

అట్లాగే తీశాను. నా ఉద్యోగంలో నేను తీసిన మంచి ఫొటో అదొక్కటే. ఒకవైపు పచ్చగా నవ్వుతున్న అత్త, మరోవైపు ఖాళీ చోటు, మధ్యలో సగం నేసిన చీర. ఆ ఖాళీ ఎందుకుందో వివరంగా రాసి మరీ హైదరాబాదు పంపాను.

వానలు మొదలైనాక ఒకరోజు బస్టాండు దగ్గర ఆటో దిగి తలెత్తితే అత్త కనిపించింది. గుండ్రటి చట్రంలో మొహం మాత్రమే ఉంది. చీర లేదు, మగ్గం లేదు, ఖాళీ చోటు లేదు. నవ్వును ఎట్లా మాయం చేశారో, పెదవులు మూసుకుని ఉన్నాయి. నలుపు తెలుపు. కింద ఇంత దీపం. ఆ దీపం కింద, కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనబడని అక్షరాల్లో, క్షయ మీద గెలుపు అని ఏదో కవిత్వం. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

అక్కడే నిలబడి పెద్ద సారుకు ఫోన్ చేశాను. రంగుల్లో ఉంచితే చీరల కొట్టు ప్రకటనలా ఉందట. నవ్వుతుంటే జబ్బు తీవ్రత తెలియదట. నలుపు తెలుపులో గాంభీర్యం ఉందట. దీపం నమ్మకానికి గుర్తట. ఇక్కడ దానర్థం చావు సార్ అన్నాను. ఆయన నవ్వి, మీరు మరీ లోకల్‌గా ఆలోచిస్తున్నారు అన్నాడు. దాన్ని చూసేదీ లోకల్ వాళ్ళే కదా సార్ అంటే, మీటింగులో ఉన్నానని పెట్టేశాడు. మూడు జిల్లాల్లోనూ అప్పటికే కట్టేశారు. ప్రచారం గడువు ముగిసేదాకా తీయడానికి వీల్లేదని తర్వాత ఎవరితోనో చెప్పించారు.

ఆ వారంలోనే రాజోలి నుంచి అత్త ఆడబిడ్డ, ఆమె కోడళ్ళు వచ్చారు. సందు మొదట్లోనే శోకం ఎత్తుకున్నారు. ఎవరింట్లో ఏమైందోనని అత్త చాయ్ గ్లాసుతో గడపలోకి వచ్చింది. ఆమెను చూసి ఆడబిడ్డ శోకం మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత అందరూ కడుపు పట్టుకుని నవ్వారు, అన్నాలు తిన్నారు. నా ఏడుపు నా చెవులతోనే విన్నానని అత్త వాడంతా చెప్పుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. చీకటి పడకముందే వెళ్ళి బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ చింపేశాను. సంస్థ ఆస్తి పాడుచేశానని నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు.

అయిజలో ఎవరో పుణ్యాత్ముడు ఆ ఫ్లెక్సీకి బంతిపూల దండ వేసి, ముందు కొబ్బరికాయ కొట్టాడు. దాన్ని ఎవరో ఫొటో తీసి పంపితే, హైదరాబాదు మీటింగులో తెర మీద పెట్టి చప్పట్లు కొట్టారు. జనం మన ప్రచారాన్ని సొంతం చేసుకున్నారట, దీన్నే సామాజిక భాగస్వామ్యం అంటారట. ఆ గదిలో నేనూ ఉన్నాను. లేచి, అది చచ్చినవాళ్ళకు వేసే దండ అని చెప్పాను. అందరూ ఒక్కక్షణం నా వైపు చూసి, తర్వాతి స్లైడుకు వెళ్ళిపోయారు. థూ అనిపించింది.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే గోపాల్‌పేట నుంచి ఫోన్లు ఆగిపోయాయి. అత్త చేస్తే మోగేది, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. పొద్దున చేసినా అంతే, సాయంత్రం చేసినా అంతే. నా మీద అలిగిందేమో, ఇంట్లోంచి పంపుతుంటే నేను అడ్డం పడలేదని కోపమొచ్చిందేమో అని అత్త కుమిలిపోయేది. వెళ్ళి చూసొద్దామా అంటే, ఫోనే ఎత్తనోళ్ళ ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోతానే అనేది. మగ్గం మీద సగం చీర అట్లాగే ఉండిపోయింది. వేరేవాళ్ళు వచ్చి కూర్చుంటామన్నా వద్దంది. ఆ జాగ మాటిచ్చిన జాగ అని మొండికేసి, ఇంకొకరి మగ్గానికి పోగులు అతికే పనికి పోయింది.

దసరా అయిపోయినాక పక్కింటికి కబురొచ్చింది. ఆ పిల్ల పోయింది.

మర్నాడు అత్తా నేనూ వనపర్తి మీదుగా గోపాల్‌పేట వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో ఆ ఊరికి చేరాం. వాకిట్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అత్త లోపలికి రాగానే ఆ పిల్ల తల్లి లేచి, రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత మెల్లగా వచ్చి అత్త మోచేయి పట్టుకుని చూసింది.

"నువ్వు పోయినవని గాదా వదినె, మేమనుకున్నది. దవాఖాన గోడకు నీ బొమ్మ జూస్తిమి. నలుపు తెలుపుల ఉండె, కింద దీపం ఉండె. గవే గోళీలు మింగి నువ్వే పోతివి, ఇగ నా బిడ్డకెందుకు అనుకుంటి."

మిగతాది ఏడుస్తూ, ఆగుతూ చెప్పింది. జబ్బు మనిషికి చావు కబురు చెప్పకూడదని కూతురి ఫోన్ తీసి దాచేసింది. అత్త నంబరు మోగినప్పుడల్లా, అది చావు కబురు చెప్పడానికి అత్త తరఫువాళ్ళు చేస్తున్న ఫోనని ఎత్తలేదు. ఎత్తితే వినాలి, వింటే బిడ్డ దగ్గర దాచడం తన వల్ల కాదు. దవాఖానామె ఇంటికి తెచ్చిచ్చిన గోళీలు నవ్వుతూ తీసుకుని పెంటకుప్పలో పోసేది. వాటికి బదులు కషాయాలు కాచి పోసింది. చేతనైనదంతా చేసింది ఆ తల్లి, బిడ్డను బతికించుకోవాలనే చేసింది.

"మా అక్క ఫోన్ చేసిందా అని రోజు అడుగుతుండె. చెయ్యలేదని చెప్తుంటి."

అత్త అక్కడే నేల మీద కూలబడింది. ఆమె ఏడుపు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. సొంత మొగుడు పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు.

నేను ఏం చేయాలో తెలియక ఫోన్ తీశాను. ఈ పాపం అత్తది కాదని ఆ తల్లికి తెలియాలనిపించింది. నేను తీసిన అసలు ఫొటో చూపించాను. మామిడిపండు రంగు చీర, మగ్గం, పళ్ళన్నీ కనబడే నవ్వు. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసి, వేలు పెట్టి అడిగింది.

"గీ పక్కన ఖాళీ జాగ ఏంది?"

"నీ బిడ్డది" అంది అత్త.

ఆమె కొంగుతో ఫోన్ అద్దం తుడిచి, మళ్ళీ అక్కడే చూసింది. నేను ఫోన్ ఆమె చేతిలోనే వదిలేసి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను.