జూమ్ లేని లెన్సుతో కొత్త తెప్ప ఎక్కిన వైనం

ఒక్క అడుగుతో ఊరు ఊరంతటి ఊపిరీ ఆపేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే పోనీ, అతను రాసింది ఇప్పుడు చదువుతున్నారు. ఆ రోజు కనీసం మూడు వందల నోళ్ళు ఒకేసారి తెరుచుకున్నాయి. ఆ ఊరి పేరు చెప్పను. ఉద్దానం కొబ్బరితోటలు దాటితే సముద్రం ఒడ్డున ఉంటుందని మాత్రం చెబుతాను. వాళ్ళు మర్చిపోయి ఉంటే నేనెందుకు గుర్తుచెయ్యాలి? (మర్చిపోలేదు. చివర్లో మీకే తెలుస్తుంది.)

రెండువేల తొమ్మిది చివరి రోజులు. నేను పలాసలో జీడిపప్పు వ్యాపారిని. ఓడల మీద పనిచేసే మా తోడల్లుడు సింగపూరు నించి నాకో కెమెరా తెచ్చాడు. "లోపల అద్దం ఉండదు, అందుకే ఇంత చిన్నది" అన్నాడు. నిజంగానే అరకిలో పప్పు పొట్లమంత ఉంది. లెన్సు చూస్తే మరీ పలచన. మా ఆవిడ చేసే చెక్కల్లో ఒకటి తీసి ముందు అతికించినట్టుంది.

"జూమ్ ఎక్కడ తిప్పాలి?" అన్నాను, దాని చుట్టూ గోకి చూస్తూ.

"జూమ్ లేదు. దీన్ని ప్రైమ్ లెన్సంటారు. బొమ్మ పెద్దగా కావాలంటే దగ్గరికెళ్ళు. చిన్నగా కావాలంటే వెనక్కెళ్ళు."

"మరి దీని గొప్పేమిటి?"

"తీసి చూడు. ఈగ మీసాలు లెక్కపెట్టుకోవచ్చు."

లెక్కపెట్టాను. ఆ తరవాత వారం రోజుల్లో పలాసలో నా ముక్కుకి నాలుగంగుళాల దూరంలోకి రాని మనిషి లేడు. స్టేషను బయట ఆటోవాళ్ళు నన్ను చూస్తే బేరం వదులుకుని మరీ బండి తిప్పేసేవారు. ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే అమ్మలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. నేను మాత్రం గొప్ప కళాకారుణ్ణయిపోయానని నిర్ధారించుకున్నాను.

అప్పుడొచ్చింది నీలయ్య ఫోను. టెక్కలి కాలేజీలో ఒకే బెంచీ మీద నిద్రపోయిన వాళ్ళం మేమిద్దరం. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. పదిహేనేళ్ళు ఊళ్ళోవాళ్ళ తెప్పల మీద కూలికెళ్ళి, ఇన్నాళ్ళకి సొంతంగా ఫైబర్ తెప్ప కొనుక్కున్నాడు.

"బావా, ఎల్లుండి మా తెప్ప నీట్లోకి దింపుతున్నాం. నువ్వు రావాల. టెక్కలి ఫోటోలోడికి సెప్పీసాను."

"ఆడెందుకురా? నాను లేనేటి? మానిపించీ!"

"నీ ఫోటోల్లో మనుసులు కనిపిత్తారా బావా?"

"ఈగ మీసాలే కనిపిత్తాయి!"

"మాకు ఈగలొద్దు. మా అక్క పాదం పెట్టింది కనిపిత్తే సాలు."

ఆ పాదం సంగతి మీకు చెప్పాలి. ఆ ఊళ్ళో కొత్త తెప్ప మీద మొదటి పాదం ఇంటి ఆడపడుచుదే. పసుపునీళ్ళతో కాళ్ళు కడుక్కుని, గంగమ్మకి మొక్కి, ఆవిడ ఎక్కాకే మగవాళ్ళు ఎక్కాలి. ఆ పాదం ఎంత చల్లగా ఉంటే తెప్ప ఉన్నన్నాళ్ళూ వల అంత నిండుతుందని నమ్మకం. నీలయ్య ఇదంతా ఫోనులో వివరంగా చెప్పాడు. నేను "ఊఁ, ఊఁ" అంటూనే ఉన్నాను. లెన్సు తుడుచుకుంటున్నాను మరి.

మూడోనాడు పొద్దున్నే వెళ్ళేసరికి డప్పులు మోగుతున్నాయి. తెప్పకి పసుపు పూసి, మామిడాకులు కట్టి, పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశారు. నీలయ్య అక్క సూరమ్మ భావనపాడులో అత్తవారింటి నించి ముందురోజే వచ్చేసింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే ఎక్కడో ఉన్న సంతబొమ్మాళిలో వినిపిస్తుంది.

"ఏటయ్యా పలాసయ్యా, ఆ డబ్బీ ఏటి?"

"కెమెరా అక్కా."

"కాటుక డబ్బీలాగుంది గదా! టెక్కలోడిదైతే కుండంత ఉంటాది. ఇదిగో సెప్తున్నాను, పదిహేనేళ్ళ నించి ఈ రోజు కోసమే సూత్తన్నాను. నా పాదం, నా మొకం రెండూ ఒకే ఫోటోలో పడాల. పడకపోతే నీ డబ్బీ గంగమ్మకే!"

ఆవిడ పసుపునీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళింది. నేను ఇసుకలో నిలబడి కెమెరా వెనక తెరలోకి చూశాను. తెప్ప జీడిగింజంత ఉంది. నాలుగడుగులు ముందుకేశాను. చేపలబుట్టంత అయింది. ఇంకో నాలుగు వేశాను. ఇప్పుడు తెప్ప బాగానే ఉంది కానీ, సూరమ్మ వీపే తప్ప మొహం లేదు. పక్కకెళితే డప్పులవాళ్ళ మోచేతులు. నీళ్ళలోకి దిగితే అల వచ్చి నడుము దాకా కొట్టింది. జూమ్ ఉన్న వాడైతే ఒడ్డున కూచుని వేలితో తిప్పుకునేవాడు. నాకా అదృష్టం లేదు. ఆవిడ పాదమూ మొహమూ ఒక్కసారి పడే చోటు భూమ్మీద ఒకటే మిగిలింది. అది తెప్ప ముందు భాగం.

కన్ను తెర మీంచి తియ్యకుండా ఎక్కేశాను.

ఇసుకలో గవ్వలు గుచ్చుకుంటాయని ఆ రోజు నేను బూట్లు వేసుకున్నాను. నల్లవి, తొమ్మిదో నంబరు, కింద రబ్బరు పళ్ళున్నవి. పసుపు పూసిన తెప్ప మీద కుడి బూటు "థప్" మంది. వెనకే ఎడమది.

డప్పులు ఆగిపోయాయి.

నా కళ పట్ల వాళ్ళకున్న గౌరవానికి ఒళ్ళు పులకరించింది. తెరలో చూస్తే, ఏం ముఖాలు! ముసలీ ముతకా, ఆడా మగా, అందరి కళ్ళూ సోడాగోళీలంత, అందరి నోళ్ళూ గుహలంత. "అబ్బ! అలాగే ఉండండి! ఎవరూ కదలొద్దు!" అని కేకేసి వరసగా ముప్ఫై ఫోటోలు లాగాను. పాపం, ఎవరూ కదల్లేదు.

సూరమ్మ చేతిలో హారతి పళ్ళెం కింద పడింది.

"ఓలమ్మో! నా తమ్ముడి తెప్పో! బూటు కాలెట్టీసినాడమ్మో!"

అప్పుడు తెర మీంచి కన్ను తీశాను. కింద నా బూట్లు, వాటి చుట్టూ పసుపు. ఫోనులో నేను "ఊఁ" కొట్టిన మాటలన్నీ ఒక్కసారి చెవిలో గింగురుమన్నాయి. నీలయ్య మొహం ఉడకబెట్టిన రొయ్యలా ఎర్రగా అయింది.

"దిగిపోతాను తాతా! మళ్ళీ మొదట్నించీ కానివ్వండి" అన్నాను, ఊరిపెద్ద గున్నయ్య తాత కాళ్ళ వైపు వంగుతూ.

"తాళి కట్టీసి, లేచిపోతాను మళ్ళీ మొదలెట్టండంటే అవుద్దేటి నాయనా?" అన్నాడాయన. ఆరిపోయిన చుట్టనే పీలుస్తూ తీర్పు చెప్పాడు. "మొదటి పాదం ఎవులదైతే ఈ తెప్పకి ఆడే ఆడపడుచు."

నాకు మీసాలున్నాయని మనవి చేసుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

"ఈణ్ణి కూడా వేటకి తీసుకెళ్ళండి. గంగమ్మ ఈ పాదం ఒప్పుకుంటే సేప పడద్ది."

"ఒప్పుకోకపోతే తాతా?"

"ఆ మాట గంగమ్మే సెప్తాది."

"బూట్లు తియ్యి ముందు!" అంటూ సూరమ్మ వాటిని నా కాళ్ళ నించి పీకేసింది. ఆ కళ్ళలో నీళ్ళు చూసి నాకు మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

సముద్రం మీద ఏం జరిగిందని అడక్కండి. మొదటి అలకి ఆ పొద్దుటి పెసరట్టు పోయింది. పదో అలకి నా పెళ్ళినాటి బూరెలు కూడా బయటికొచ్చాయి. వల లాగే వేళకి నేను అడుగున పడుకుని, వితంతువు కాబోతున్న మా ఆవిడకి మనసులో ఉత్తరం రాస్తున్నాను.

"బావా..." అన్నాడు నీలయ్య. నా భుజం పట్టి కుదిపాడు.

"ఏమీ పడలేదేట్రా?"

"లేసి సూడు."

తెప్ప నిండా కోనాం చేపలు. ఒక్కొక్కటీ నా చెయ్యంత. నన్ను వాటి మీద కూచోబెట్టి తీసుకురావాల్సి వచ్చింది.

ఒడ్డున ఊరు ఊరంతా మళ్ళీ నోరు తెరిచింది. గున్నయ్య తాత చేపల్ని చూశాడు, నన్ను చూశాడు. "గంగమ్మ ఒప్పుకుంది. ఇకనించీ ఊళ్ళో ఏ తెప్ప దింపినా ఈ బాబు పాదమే..."

"ఆగు తాతా!" సూరమ్మ గుంపుని చీల్చుకుని ముందుకొచ్చింది. రెండు చేతుల్లో రెండు బూట్లు. "మొదట ఈయన పాదం తెప్పకి తగిలిందేటి? పాదం బూటులోన ఉంది. తెప్పకి తగిలింది బూటు. సేప పడింది బూటు సలవ. ఆడపడుచు పాదం ఇంకా పడనేలేదు!"

తాత నోట్లోంచి చుట్ట జారిపోయింది. నాకు తెలిసిన ఏ వకీలూ ఇంత గట్టిగా వాదించలేదు.

సూరమ్మ ఇసుకలో కూచుని, పసుపు పాదాలు రెండూ నా తొమ్మిదో నంబరు బూట్లలో దూర్చి, లేసులు గట్టిగా బిగించింది. పట్టుచీర చీలమండల పైకి ఎత్తి పట్టుకుంది. థప్, థప్ మంటూ తెప్పెక్కి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. డప్పులు ఆకాశం అదిరేలా మోగాయి.

"తియ్యవేటయ్యా ఫోటో! అక్కడినించే తియ్యి! ఒక్కడుగు ముందుకేసినావంటే సూడు!"

అక్కడినించే తీశాను. ఆవిడ అగ్గిపుల్లంత పడింది. బూట్లు మాత్రం ఆ దూరం నించి కూడా తళతళ మెరిశాయి.

వట్టి కాళ్ళతో పలాస చేరాను. ఆ నోళ్ళ ఫోటో నీలయ్య ఇంట్లో గోడ మీద ఇప్పటికీ ఉంది. ఎవరి నోట్లో ఎన్ని పళ్ళు పుచ్చాయో గుమ్మంలోంచే చెప్పొచ్చు. ఇక ఆ ఊళ్ళో ఎవరు కొత్త తెప్ప దింపినా, ఆ ఇంటి ఆడపడుచు ముందు సూరమ్మ దగ్గరికెళ్ళి నా బూట్లు అడిగి తెచ్చుకుని, అవి తొడుక్కునే ఎక్కుతుంది.

కాబట్టి గంగమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ తెప్పకైనా నూరడుగుల ఇవతలే ఆగిపోతాను. ఫోటోలో అది చీమంత పడినా సరే, అసలు పడకపోయినా సరే. బూట్లు తిరిగిమ్మని మాత్రం ఈ జన్మలో అడగను. ఆడపడుచు సొత్తు ఆశించేటంత పాపిష్టివాణ్ణి కాను.