డప్పుకు ఉలికిపడనివాడు

మా చిన్నోడు డప్పుల మోతలోనూ హాయిగా నిద్రపోయేవాడు. తెలంగాణ ఉద్యమం నడిచిన ఆ ఏళ్లలో, సిద్దిపేటలో మా ఇంటి ముందు నుంచి ర్యాలీ పోని రోజు తక్కువ. నినాదాలకు కిటికీ రెక్కలు అదిరేవి, వాడు మాత్రం ఉయ్యాలలో కదిలేవాడు కాదు. "వీడు ఉద్యమం బిడ్డ. ఎంత లొల్లయినా లేవడు" అని మా అత్త వాడకట్టంతా చెప్పుకొని మురిసింది. నేనూ మురిశాను. నిద్ర చెడగొట్టని బిడ్డ ఏ తల్లికి చేదు?

మూడో ఏడు నడుస్తున్నా వాడికి మాట రాలేదు. అంగన్‌వాడీలో బరువు తూచారు, ఎత్తు కొలిచారు. చార్టులో చుక్క ఆకుపచ్చ రంగులోనే పడింది. "మంచిగ పెరుగుతున్నడు. మొగపిల్లలకు మాట ఆలిశమే" అని టీచరమ్మ వాడి చేతిలో ఉడికించిన గుడ్డు పెట్టింది. మా ఆయనకూ చిన్నప్పుడు మాట ఆలస్యమేనట. ఆ మాట విని విని నాకు ఒళ్లు మండేది. మాట రావాలని మా అత్త రోజూ పొద్దున్నే వసకొమ్మును తేనెలో అరగదీసి వాడి నాలుకకు రాసేది. వాడు మొహం చిట్లించి, మళ్లీ నాలుక చాపేవాడు. ఇంటిల్లిపాదీ వాడి నాలుకనే చూశాం.

సమ్మె రోజుల్లో బస్సులు ఆగిపోయాయి. ఒకనాడు మా వాడకట్టు ఆడవాళ్లమంతా నిరసనగా నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. పక్కింటి పెద్దామె కూడా మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. ఆమెది గాజుల దుకాణం, మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం. అన్నం ఉడుకుతుండగా పిల్లల వెనకే ఒక్కసారిగా డప్పులు మొదలయ్యాయి. ఖాలా మనవరాలు ఉలికిపడి ఏడుపు అందుకుంది. మా వాడు కంకర రాళ్లు పేర్చుకుంటూ కూర్చున్నాడు.

"బేటీ, నీ కొడుకు ఉలికిపడలే" అన్నది ఖాలా.

"వాడు పుట్టిందే గీ లొల్లిల. వానికి భయమేంది?" అన్నది మా అత్త. అందరూ నవ్వారు.

ఖాలా నవ్వలేదు. డప్పులు ఆగాక గంటె తీసుకుని, వాడి వెనక నిలబడి అన్నం వండిన గుండు గిన్నె మూత మీద గట్టిగా కొట్టింది. రోడ్డు మీద ఉన్నవాళ్లంతా తిరిగారు. వాడు ఇంకో రాయి పేర్చాడు. ఆమె నీడ రాళ్ల మీద పడ్డాక మాత్రం తల తిప్పి, ఆమెను చూసి నవ్వాడు.

"నాలిక కాదు బేటీ. చెవి సూపియ్యి" అన్నది.

పట్నం పోవడానికి సమ్మె ముగిసేదాకా ఆగాల్సి వచ్చింది. మా అత్త వస రాయడం మానలేదు. నేను వాడిని వెనక నుంచి పిలవడం మానేశాను.

"పుట్టినప్పటి నుంచే వినపడదమ్మా" అన్నాడు దవాఖానలో డాక్టరు. నాకు ఏడుపు రాలేదు, ఆకలేసింది. బయటికొచ్చి ఇడ్లీ తిన్నాను, వాడికీ తినిపించాను. బస్సులో మా అత్త ఇల్లు చేరేదాకా ఏడ్చింది. నేను కిటికీలోంచి కుకునూరుపల్లి, కొండపాక అని బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాను.

తర్వాత చెవికి మిషను పెట్టారు, మాట నేర్పే పద్ధతి చూపించారు. వాడి అరచేయి నా గొంతు మీద పెట్టుకుని "అమ్మ" అనాలి. ఆ అదురు వాడికి తెలిశాక, అదే చేయి వాడి గొంతు మీద పెట్టాలి. రోజూ అన్నాను. అంటున్నది నేనేనని కూడా అనిపించేది కాదు. వాడు నోరు తెరిచేవాడు, ఉత్త గాలే వచ్చేది.

రాష్ట్రం వచ్చిందన్న నాడు మా వీధి వీధంతా రోడ్డు మీదే ఉంది. పటాకుల మోతకు వాడు మిషను పీకి నా చేతిలో పెట్టాడు. జై తెలంగాణ అని అరుస్తున్న నాయనమ్మ గొంతు మీద చేయి వేసి చూశాడు. ఖాలా గొంతు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. నేను అరవడం లేదు, నా గొంతులో అదురు లేదు. వాడు చేయి తీయకుండా నా మొహంలోకే చూస్తున్నాడు.

"అమ్మ" అన్నాను.

వాడు తన గొంతు పట్టుకుని పెదవులు కలిపాడు. ఆ గోలలో నాకేమీ వినపడలేదు. వంగి, వాడి వేళ్లు పక్కకు జరిపి, గొంతు మీద అరచేయి పెట్టాను. అదురుతోంది.