కరియకు పెట్టిన కార్జం

కోడుమూరులో స్తుతిని పిల్లలు ‘కొలతల టీచరమ్మ’ అంటారు. బడిలో సైన్సు చెబుతుంది. ఇంట్లో రెండేళ్ల కూతురు మహిమకు పాలైనా గీతలున్న గ్లాసులోనే పోస్తుంది. అలాంటి మనిషికి, ముసలి కుక్క కరియకు జబ్బు చేసేసరికి కాలూ చెయ్యీ ఆడలేదు. మహిమ నడక నేర్చిందే కరియ వీపు పట్టుకుని. ఇప్పటికీ అది పక్కన కూర్చుంటే తప్ప ముద్ద మింగదు.

ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుదుల వల్ల జ్వరమొచ్చి రక్తం తగ్గిపోయిందని పశువుల డాక్టరు హనుమేష్ తేల్చాడు. మాత్రలిచ్చి, "వారానికి రెండుమార్లు, రెండు వేళ్లంత మేక కార్జం ఉడికించి అన్నంలో కలుపమ్మా. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ వద్దు" అన్నాడు.

చిక్కేమిటంటే అవి శ్రమల దినాలు. ఈస్టరు దాకా ఆ ఇంటి గడప లోపలికి మాంసం రాదు. అత్త జీవమ్మ చిన్నప్పటి నుంచీ ఆ నియమం తప్పింది లేదు. ఆమెనడిగే ధైర్యం లేక, స్తుతి తోటి టీచరు శ్రావణి ఇంట్లో కార్జం తూచి ఉడికించి, డబ్బాలో తెచ్చి, ఇంటి వెనక కంపచెట్ల దగ్గర కరియకు పెట్టేది.

మొదట్లో కరియ కళ్లకు కళ వచ్చింది. అంతలోనే బేదులు పట్టుకున్నాయి. లేచి నిలబడలేకపోయింది. మహిమ కంచం నెట్టేసి ఏడ్చింది. తన కొలతే తప్పిందేమో, చేజేతులా చంపుకుంటున్నానేమో అనుకుంది స్తుతి. భర్త వసంతకుమార్ ఆటో పిలిచాడు. జీవమ్మ కూడా ఎక్కింది.

"కార్జం ఎంత పెడ్తాండావమ్మా?" ఆసుపత్రిలో కరియ కడుపు నొక్కి చూస్తూ అడిగాడు హనుమేష్.

"మీరు చెప్పినంతే సార్. తూచి పెడ్తాండా."

"అట్లయితే తూచకుండా ఇంకెవరో పెడ్తాండారు."

వసంతకుమార్ తల గోక్కున్నాడు. "శేను కాడికి వస్తాది గదా... రోంత పెట్టినా. అమ్మకు తెలిస్తే తిడ్తాదని చెప్పలే."

"నువ్వు గూడానా!" అంది స్తుతి. అప్పటికే జీవమ్మ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి ఉంది. "ఏమత్తా?"

"దాని మొగం జూడలేక, ప్రార్థనకు పోయొచ్చేటప్పుడు మటనంగడి కాడ రోంత..."

"ప్రార్థనకు రోజూ పోతాండావు గదమ్మా!" అన్నాడు కొడుకు.

"నోరు ముయ్‌రా."

హనుమేష్ నవ్వాపుకోలేకపోయాడు. కార్జం బలం చేసేదే అయినా మితిమీరితే కడుపు చెడుతుందని, అలాగే కొనసాగితే విటమిన్ ఎ పేరుకుని ఎముకలకూ చేటని చెప్పాడు. కడుపు కుదుటపడే దాకా పలచని గంజే పెట్టమన్నాడు.

కరియ తేరుకున్నాక జీవమ్మ తానే ఒక చిన్న గిన్నె తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

"శ్రమల దినాలు కదత్తా?"

"మనకు గదా! అదేమన్నా బాప్తిస్మం తీసుకున్యాదా? తూకం నీది, ఉడకబెట్టేది నాది. నా కొడుకు చేతులు కట్టుకోని కూచుంటాడు."

ఆ పొద్దు కరియ వణుకుతూనే లేచింది. అన్నం తిని గిన్నె నాకింది. ఇంకా కావాలన్నట్టు ముగ్గురి ముఖాల్లోకీ ఒకరి తర్వాత ఒకరివైపు చూసింది. ముగ్గురూ తలో దిక్కుకు తిరిగారు. పక్కన కూర్చున్న మహిమ మాత్రం తన ముద్ద మింగి, మళ్లీ నోరు తెరిచింది.