తువ్వాలులో కొబ్బరికాయ

బిడ్డ భూమ్మీద పడకముందే ఆ బిడ్డ ఆకలికి ఏర్పాటు చేసి ఉంచే దయామయుడు, కోరుకొండ మెట్లపైన కొలువున్న మా లక్ష్మీనరసింహస్వామికి ముందుగా నమస్కారం. ఉగ్రమూర్తి అంటారు గానీ, ఒక పసివాడు పిలిచినందుకు స్తంభం చీల్చుకుని వచ్చిన తండ్రి ఆయన. పసివాళ్ళంటే స్వామికి ఎంత పట్టింపో నాకు ఆ వయసులోనే బాగా తెలుసు. నాకు తెలియనిదల్లా పసివాళ్ళ సంగతే.

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, మా రామచంద్రపురంలో తండ్రి కాబోయేవాడికి పెద్ద పనేమీ ఉండేది కాదు. ఏడో నెలలో భార్యను పుట్టింట దింపి రావడం, ఆదివారం ఆదివారం అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళి చూసి రావడం, కబురందాక మిఠాయి పంచడం. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. శనివారం సాయంత్రాలు భజన సమాజంలో పురాణం చెప్పేవాణ్ణి. (నాకు తెలియని విషయం లేదని ఊళ్ళో పేరు. మా ఆవిడకు ఆ నమ్మకం లేదు గానీ, పాపం నలుగురిలో బయటపడేది కాదు.) అలాంటి నన్ను, ఆవిడను పుట్టింటికి పంపే ముందు చేయించిన చెకప్ రోజున, ఆసుపత్రి సిస్టరుగారు పట్టుకుని గర్భిణుల క్లాసులో కూర్చోబెట్టారు. మిగిలిన భర్తలందరూ ఎదుటి టీ కొట్లోకి ముందే తప్పుకున్నారు. పన్నెండు మంది ఆడవాళ్ళ మధ్య నేనొక్కణ్ణే, చెప్పులు చేత్తో పట్టుకుని, గుళ్ళో కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

సిస్టరుగారు అన్నీ విడమరిచి చెప్పారు. పుట్టిన గంటలోపే బిడ్డను తల్లి రొమ్ముకు అందించాలి. మొదట చిక్కగా, పచ్చగా వచ్చే పాలు చెడ్డవి కావు, వాటినే ముందు పట్టాలి. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం ఏవీ వద్దు. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి, నోరు బాగా తెరిచాకే రొమ్ము అందించాలి. అంతా అయ్యాక ఒక గుడ్డబొమ్మను తెచ్చి నా చేతుల్లో పెట్టి, ఎత్తుకుని చూపించమన్నారు. నేను రెండరచేతులూ చాపి భక్తిగా అందుకున్నాను. ఆవిడ కాసేపు చూసి, "మాస్టారూ, అది హారతి పళ్ళెం కాదండీ. మెడ పట్టుకోండి," అన్నారు. పదకొండు మందీ నవ్వారు. పన్నెండో ఆవిడ, అంటే మా ఆవిడ, కిటికీలోంచి బయటికి చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో ఆవిడ నవ్వలేదు. "మా ఇంట్లో మొదటి పాలు పిండి పారబోస్తారండీ. మూడు రోజుల పాటు పంచదార నీళ్ళే. అమ్మమ్మ మాటే మాట, అమ్మ కూడా ఎదురు చెప్పదు. అప్పటికి నాకు నోరెత్తే ఓపిక ఉండదు. మీరే చెప్పాలి," అంది. అదెంత పని, అన్నాను. అదెంత పనో ఇంటికొచ్చాక తెలిసింది. మొగల్తూరు దగ్గర ఆ ఇంటికి అల్లుణ్ణయి మూడేళ్ళయినా అమ్మమ్మగారితో నేను పూర్తి వాక్యం మాట్లాడింది లేదు. (మనవరాలి మొగుణ్ణే అయినా ఆవిడ నన్ను అల్లుడుగారనే పిలిచేవారు.) భోంచేశారా అంటే ఆఁ అనేవాణ్ణి, ఇంకాస్త వడ్డించమంటారా అన్నా ఆఁ అనేవాణ్ణి, అందుకే అక్కడికి వెళ్ళినప్పుడల్లా బరువు పెరిగి వచ్చేవాణ్ణి.

ముందు చేతులకు అభ్యాసం చేద్దాం, నోటి సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను. పీచు వలవని కొబ్బరికాయ ఒకటి తీసుకుని, తువ్వాలులో చుట్టి, ముచ్చిక వైపు మెడ అనుకుని, సాయంత్రాలు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఎత్తుకునేవాణ్ణి. పాలు తాగాక త్రేన్పు రావాలన్నారు కదా అని భుజాన వేసుకుని వీపు నిమిరేవాణ్ణి. ఒకరోజు సరిగ్గా ఆ త్రేన్పు కోసం ఎదురుచూస్తుండగా భజన సమాజం పెద్దాయన, మేం తాళాల తాతగారు అనే ఆయన, హార్మోనియం పెట్టె తాళంచెవి కోసం లోపలికొచ్చారు. కొబ్బరికాయ వంక చూశారు, నా వంక చూశారు. గొంతు తగ్గించి, "మొక్కాండీ?" అన్నారు. "అవునండీ," అన్నాను. (స్వామి క్షమించాలి.) ఆ శనివారం ఆయన మైకులో, సుఖప్రసవం కోసం మాస్టారుగారు ఎంతటి దీక్ష పట్టారో వివరించారు. మరుసటి వారానికి మా వీధిలో మరో ఇద్దరు కాబోయే తండ్రులు తువ్వాళ్ళలో కొబ్బరికాయలు చుట్టుకుని తిరుగుతున్నారు. ఒకాయన తొమ్మిది ప్రదక్షిణలు కూడా కలిపాడు.

నెలలు నిండుతుండగా సెలవు పెట్టి అత్తవారింటికి వెళ్ళాను. సూటిగా చెప్పే ధైర్యం లేక, నాకు చేతనైన దారిలో వెళ్దామని, వసారాలో అమ్మమ్మగారిని కూర్చోబెట్టి కృష్ణయ్య బాల్యం అందుకున్నాను. తల్లి పాల మహిమ దగ్గరికి మెల్లగా తీసుకొద్దామని నా ఎత్తు. కానీ పురాణం చెప్పేవాడికి రాక్షసులు కనబడితే నోరు ఆగదు. పాలిచ్చే నెపంతో స్వామిని చంపవచ్చిన ఆ రాక్షసి కథ వచ్చేసరికి ఒళ్ళు తెలియలేదు. విషం పూసుకున్న తీరూ, కోరలూ, అది కూలిపోతుంటే చెట్లు విరగడం, అన్నీ అభినయించాను. అమ్మమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నిజం చెప్పారు. పాలను అంత తేలిగ్గా నమ్మకూడదు. మొదటి పాలైతే అసలే నమ్మకూడదు," అన్నారు. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నా వైపు చూసింది. సున్నా మార్కులు వేసిన పేపరు పిల్లలకు తిరిగిచ్చేటప్పుడు నేను చూసే చూపే అది.

మూడో రోజు తెల్లవారాక నొప్పులొచ్చాయి. పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పదింటికల్లా ఆడపిల్ల పుట్టిందని చెప్పారు, తల్లీ పిల్లా క్షేమం అన్నారు. దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి అమ్మమ్మగారు ఒక చేత్తో పంచదార నీళ్ళ గ్లాసు, దూది వత్తి పట్టుకుని లోపలికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నారు. రెండో చేత్తో నాకు స్టీలు క్యారేజీ అందించారు. ముందు రోజే వాళ్ళ గేదె ఈనింది, అందులో ఉన్నది జున్ను. మిరియాలు, యాలకులు, బెల్లం వేసి వండిన జున్ను ముందు పెడితే కాదనే తెలివి మా గోదావరి రక్తంలో లేదు. పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాను.

"తినండి, ఏం దోషం లేదు. ముందు దూడ కడుపునిండా తాగాకే పిండాను," అన్నారు అమ్మమ్మగారు.

దూడకే ముందెందుకని నోట్లో జున్నుతోనే అడిగాను.

"అదేంటండీ, చదువుకున్నవారు. ఆ పాలు పడకపోతే దూడ కాళ్ళమీద నిలబడుతుందా?"

జున్ను ఒక్క గుటకలో మింగాను. గొంతుకు అడ్డం పడింది, కళ్ళనీళ్ళొచ్చాయి. వెయ్యి శ్లోకాలు బెరుకు లేకుండా చదివినవాణ్ణి, మూడు మాటలు అనేందుకు క్యారేజీ మూత రెండుసార్లు తీసి పెట్టాను.

"మరి మన పిల్లకండీ, అమ్మమ్మగారూ?"

ఆవిడ నన్ను చూశారు. క్యారేజీని చూశారు. చేతిలో గ్లాసును చాలాసేపు చూశారు. ఆ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఇది మీరు తాగండి, మొహం పాలిపోయింది," అని లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి తలుపు వెనక నుంచి ఆవిడ గొంతు వినబడింది. "అలా కాదే, పొట్ట నీ వైపు తిప్పు. నోరు తెరవనీ. గేదెకి ఎవరు నేర్పారనీ." నేను బెంచీ మీద కూర్చుని పంచదార నీళ్ళు చుక్క మిగల్చకుండా తాగాను.

ఆ పిల్లే ఇప్పుడు తల్లి కాబోతోంది, ఎనిమిదో నెల. మొన్న మా అల్లుడు వస్తే, నా అనుభవం ఊరికే పోకూడదని తువ్వాలు, కొబ్బరికాయ తీసుకుని ఎదురుగా నిలబడ్డాను. అతను గౌరవంగా చూసి, మెల్లగా నా మోచేయి సర్ది, "మామయ్యగారూ, తల కింద చెయ్యి ఉండాలండీ," అన్నాడు. చూసుకుంటే మళ్ళీ హారతి పళ్ళెమే. ఆ రోజు గర్భిణుల క్లాసులో కూర్చున్న కుర్రవాడు ఇంకా నాలో ఎక్కడో చెప్పులు చేత పట్టుకునే ఉన్నాడు.

ఈ నెల మీరూ దీపం పెట్టినప్పుడు ఒక్క క్షణం నాతో పాటు స్వామిని అడగండి. తల్లీబిడ్డా చల్లగా ఉండాలని, తొలి గంటలోనే ఆ నోటికి పాలందాలని. నాకు మాత్రం, బిడ్డను చేతికిచ్చినప్పుడు మెడ పట్టుకోవడం గుర్తుండాలని.